ఐరోపా గానపరిణామము – మన పాట

సంగీతమును గూర్చిన ప్రసంగము మన గంజాము తెలుగువారి సభలలో వచ్చినపుడెల్ల రెండు మాటలు వినవచ్చుచుండును. పాశ్చాత్య సంగీతము నానాటికి పెరిగి పెద్దదై, నూఱు వాద్యములు, నూఱు కంఠములు ఒక్కమాఱుగా మ్రోగు స్థితికి వచ్చినదనియు, మనది మాత్రము ఒక కంఠము, ఒక తంబుర, ఒక మృదంగము దగ్గఱనే నిలిచిపోయినదనియు నొక మాట. పాశ్చాత్యులది వట్టి గోల, మనది నాదోపాసన, రెంటికి పోలిక యెక్కడిదని రెండవ మాట. మొదటిది చదువుకొన్న యువకులు చెప్పునది. రెండవది పెద్దలు చెప్పునది. రెంటిలోను చరిత్రజ్ఞానము కొఱవడినదని మా యభిప్రాయము. ఐరోపావారి పాట 9వ శతాబ్ది మొదలు 1600 వఱకు నడచిన త్రోవను, ఆ కాలముననే మన పాట నడచిన త్రోవను ప్రక్కప్రక్కను పెట్టి చూచినచో ఈ రెండు మాటలును నిలువజాలవు. ఖల్లికోట, ఆఠగడ, పర్లాకిమిడి సంస్థానముల నీడను పెరిగిన కుటుంబములవారికి ఈ పోలిక మఱింత దగ్గఱిది. ఒక యింట త్యాగరాజ కీర్తన, ప్రక్కయింట ఒడియా చంపూ గీతము, పెండ్లి యూరేగింపులో క్లారినెట్టు, మూడును ఒకే వీథిలో విని పెరిగినవారము మనము.

మొదట గమనింపవలసిన దేమనగా, ఐరోపా సంగీతము పుట్టుకతో బహుకంఠగానము కాదు. రోమను క్రైస్తవ మఠములలో పాడబడుచుండిన ఆరాధనగానము ఒక్క వరుస పాట. పదిమంది సన్న్యాసులు కలసి పాడినను పదిమందియు నదే స్వరమును పలుకుచుండిరి. తాళము లేదు, వాద్యము లేదు, శ్రుతికి తంబుర వంటిదియు లేదు. 590 మొదలు 604 వఱకు పోపు పదవి నధిష్ఠించిన గ్రెగరీ పేర దానిని గ్రెగోరియన్ గానమందురు గాని, ఆ పేరు తరువాతివారు పెట్టినదే. నేడు మనకు తెలిసిన రూపము దానికి 8, 9 శతాబ్దులలో ఫ్రాంకుల రాజ్యమున ఏర్పడెనని చరిత్రకారులు తేల్చిరి. వేదపాఠమునకు అలవాటుపడిన చెవికి ఆ గానము పరాయిదిగా తోపదు. మాటను మోయుటకే స్వరమున్నది. స్వరమును మెఱపించుటకు మాట లేదు. 

ఆ రెండు త్రోవలు చీలిన తావు ఎక్కడ? మా తలంపున అది కంఠము దగ్గఱ కాదు, వ్రాత దగ్గఱ. షార్లమేన్ చక్రవర్తి తన రాజ్యమంతటను ఒకే తీరు ఆరాధన జరుగవలెనని సంకల్పించెను. పాట నోటినుండి నోటికి పోయినచో ఊరూర మాఱిపోవును. దానిని కట్టివేయుటకై 9వ శతాబ్దినుండి పాట పదములపై చిన్న చిన్న గుర్తులు పెట్టసాగిరి. స్వరము పైకి పోవునా, క్రిందికి దిగునా యనుమాత్రమే ఆ గుర్తులు తెలుపును. ఎంత పైకి, ఎంత క్రిందికి అని తెలుపవు. అనగా, పాట వచ్చినవానికి జ్ఞప్తి చేయుటకే తప్ప, రానివానికి నేర్పుటకు అవి పనికిరావు. మన పాటల పుస్తకములలో కీర్తన నెత్తిన రాగము, తాళము పేర్లు వ్రాసి ఊరకుండుట యిట్టిదే.

11వ శతాబ్ది మొదటి పాదమున ఇటలీలోని అరెజ్జో నగరమున గ్విడో యను సన్న్యాసి ఈ లోటును తీర్చెను. సమానాంతరముగ గీతలు గీచి, ఏ గీతపై నున్న గుర్తు ఏ స్వరమో నిర్ణయించెను. పదియేండ్లు నేర్చినను తమంతట తాము ఒక్క పాట పాడలేని గాయకులను తాను ఒకటి రెండేండ్లలో తయారుచేయగలనని అతడు చెప్పుకొనెను. ఆ మాటలో అతిశయోక్తి ఉండవచ్చును గాని, తాను వినని పాటను కాగితము చూచి పాడగల గాయకుడు ఐరోపాలో అప్పుడు పుట్టెను. గురువు నోటి యవసరము కొంత తగ్గెను. అతడు స్వరములకు పెట్టిన ఉత్, రే, మీ, ఫా, సోల్, లా యను పేర్లు ఒక లాటిను స్తోత్రములోని పాదముల మొదటి యక్షరములనుండి తీసికొన్నవి. అవి మన స రి గ మ లనుండి పోయినవని మన వేదికలపై కొందఱు చెప్పుచుందురు. దానికి ఆధారము లేదు. మన స్వరనామముల ప్రాచీనతకు ఈ దొడ్డిదారి గౌరవముతో పని లేదు.

స్వరము గీతపై నిలిచిన తరువాత జరిగినది సహజముగనే జరిగినది. ఒక వరుసను వ్రాసినవాడు దానిపై మఱియొక వరుసను వ్రాసి, రెంటిని కలిపి పాడించి చూడగలడు. రెండు కంఠములు వేఱు వేఱు స్వరములలో కలసి నడచుట 9వ శతాబ్ది గ్రంథములలోనే వర్ణింపబడినది. ఒకడు మూల గానమును పాడుచుండ, రెండవవాడు అదే వరుసను నాల్గవ స్వరము లేదా ఐదవ స్వరము దూరమున పాడును. ఇది మనకు వింతగా తోపవచ్చును గాని, తంబుర మీటినపుడు పంచమమును షడ్జమును కలసి మ్రోగుట మన మెఱుగనిది కాదు. తొమ్మిది, పదుమూడు శ్రుతుల యంతరమున నున్న స్వరములు పరస్పర సంవాదులని భరతముని నాట్యశాస్త్రమున చెప్పినదియు ఈ రెండు దూరములనే. ఒకే సత్యమును వారును మనమును కనుగొంటిమి. వారు దానిపై రెండవ పాటను నిలిపిరి. మనము దానిని ఆధారశ్రుతిగా వెనుక నుంచి, ముందొక్క పాటనే నడపితిమి.

పారిస్ నగరపు నోత్రదామ్ దేవాలయ నిర్మాణము 1163 ప్రాంతమున మొదలైనది. అచ్చట లెయోనిన్, పెరోటిన్ అను ఇరువురు ఈ విద్యను పెంచిరి. 1200 ప్రాంతమున పెరోటిన్ నాలుగు కంఠములకు గానములు కూర్చెను. క్రింది కంఠము మూల గానములోని ఒక్క యక్షరమును సాగదీసి పట్టియుండగా పై మూడు కంఠములు నృత్యగతిలో అల్లుకొని పోవును. నాలుగు కంఠములు చెడక నడువవలెనన్నచో కాలమానము కూడ వ్రాతలోనికి రావలెను. కనుక 13వ శతాబ్ది ఉత్తరార్ధమున కొలోన్ నగరపు ఫ్రాంకో, గుర్తు ఆకారమునుబట్టియే దాని కాలప్రమాణము తెలియునట్లు నియమములు చేసెను. 14వ శతాబ్దిలో ఫిలిప్ ద విత్రి, గియోమ్ ద మాషో యనువారు కాలవిభాగమును మఱింత సూక్ష్మముచేసిరి. మాషో కూర్పులలో ఒక లయవిన్యాసము మరల మరల తిరుగుచుండ, స్వరవిన్యాసము వేఱొక నిడివిలో తిరుగుచుండును. రెండును ఎక్కడనో కలసికొనును. మన మృదంగవిద్వాంసుడు తాళావర్తనమునకు కొలత కలియని ముక్తాయింపును ముమ్మాఱు వాయించి సమమునకు వచ్చుట విన్నవారికి ఇందలి యానందము సులభముగ బోధపడును. ఆ లయవిన్యాసమునకు వారు పెట్టిన ‘తాలియా’ యను పేరు మన తాళమునకు చుట్టము కాదు. అది లాటినులో కత్తిరించిన కొమ్మకు పేరు.

ఈ నేర్పునందఱును మెచ్చలేదు. 22వ జాన్ పోపు 1324–25 సంవత్సరములలో ఒక శాసనము చేసి, ఈ క్రొత్త గాయకులు స్వరములను ముక్కలు చేసి భక్తిని చెడగొట్టుచున్నారని మందలించెను. సాహిత్యము వినబడక స్వరకల్పనయే మిగులుచున్నదని మన సభలలో నేడు పెద్దలు వాపోవుట విన్నపుడు మాకీ పోపు గుర్తుకు వచ్చుచుండును.

ఇక మనవైపు చూతము. పెరోటిన్‌కు ఇంచుమించు తరువాతి తరమువాడైన శార్ఙ్గదేవుడు దేవగిరి యాదవుల యాస్థానమున సంగీతరత్నాకరమును రచించెను. 1253–54లో కాకతి గణపతిదేవుని గజసైన్యాధ్యక్షుడు జాయపసేనాని నృత్తరత్నావళిని వ్రాసెను. మనవారికి స్వరములను వ్రాయుట తెలియకనా? పుదుక్కోట ప్రాంతమున కుడుమియాన్‌మలై కొండపై 7వ శతాబ్దినాటి శాసనము స్వరసముదాయములను రాతిపై చెక్కినది. గ్విడోకు అది నాలుగు వందల యేండ్లు ముందు. శార్ఙ్గదేవుడును ఉదాహరణములకు స్వరములు వ్రాసెను. 1609లో రాగవిబోధమును వ్రాసిన సోమనాథుడు, మనవాడని పండితులు చెప్పుదురు, వీణపై గమకములకు ప్రత్యేకచిహ్నములనే కల్పించెను. వ్రాయనేరక మనవారు ఊరకుండలేదు. నేర్చియు, వ్రాతపై భారము వేయలేదు. దీనిని వెనుకబాటనువారు కారణము నరయలేదు.

ఆ కారణము గమకములో నున్నదని మా నమ్మకము. తోడిరాగపు గాంధారమును తీసికొనుడు. అది ఒకచోట నిలుచు స్వరము కాదు. రిషభమునకును మధ్యమమునకును నడుమ ఊగుచుండు ఒక కదలిక. దానిని కదలకుండ పట్టినచో గాంధారము మిగులును గాని తోడి మిగులదు. ఇట్టి ఊగు స్వరముపై రెండవ కంఠము తన స్వరమును ఎట్లు ఆనించును? ఊగుచున్న పడవపై ఇల్లు కట్టుట వంటిది. బహుకంఠగానమునకు స్వరము నిలువవలెను; రాగమునకు స్వరము కదలవలెను. ఐరోపావారు కలయిక కొఱకు కదలికను విడిచిరి. మనము కదలిక కొఱకు కలయికను విడిచితిమి. ఎవరికి నష్టము లేదనుట సరికాదు. ఇరువురును ఖరీదు చెల్లించిరి. మన యిండ్లలోని హార్మోనియము ఐరోపా నిలుకడ స్వరముల పెట్టె. దానిపై తోడిని వాయింప బూనిన పిల్లవాడు ఈ ఖరీదును ప్రతిదినము చూచుచునే యుండును. ఆకాశవాణివారు 1940 నుండి 1971 వఱకు దానిని నిషేధించుటలో ఇతర కారణములున్నను, ఇదియు నొకటి.

మనము చెల్లించిన ఖరీదు ఎంతయో తెలిసికొనుటకు 1500 ప్రాంతమునకు రావలెను. ఆ నాలుగైదేండ్ల చరిత్ర అద్భుతముగా కలసివచ్చినది. 1501లో వెనిస్ నగరమున పెత్రుచ్చి యను ముద్రాపకుడు, కదిలించు అచ్చులతో సుమారు నూఱు బహుకంఠ గీతముల సంపుటమును ముద్రించెను. గీతలకొకసారి, స్వరములకొకసారి, మాటలకొకసారి కాగితమును యంత్రమున పెట్టుచుండెనట. ఎంత ఓపిక! ఆ తరువాత జోస్కిన్ వంటి వాగ్గేయకారుని పాట తాను చూడని ఊళ్ళలో, తనను చూడని గాయకులచేత, తాను కూర్చినట్లే పాడబడెను. 1503లో తిరుమలలో తాళ్లపాక అన్నమాచార్యులు పరమపదించిరి. 1408లో జన్మించిన ఆ మహనీయుడు ఐరోపాలో దుఫాయ్‌కి సమకాలికుడు. 1436లో ఫ్లారెన్సు మహాదేవాలయపు ప్రతిష్ఠకు దుఫాయ్ కూర్చిన గానము నేడును ఏ స్వరము దప్పక పాడవచ్చును. అన్నమయ్య సంకీర్తనలను ఆయన పుత్రపౌత్రులు రాగిరేకులపై చెక్కించి కొండపై భద్రపఱచిరి. రెండువేలకు పైగా రేకులు. ముద్రణకంటె గట్టి పని. కాగితము చివుకును, రాగి చివుకదు. కాని ఆ రేకులపై పాటకు రాగము పేరున్నది, మాటలున్నవి, స్వరము లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, పిమ్మట నేదునూరి కృష్ణమూర్తిగారు మొదలగు విద్వాంసులు 20వ శతాబ్దిలో వానికి మరల స్వరములు కూర్చిరి. మన యాడపడుచులు అన్నమయ్య పాటలని పాడుకొనువానిలో చాల వఱకు మాటలు అన్నమయ్యవి, వరుస 20వ శతాబ్దివారిది. ఆ విద్వాంసులకు మనమెంతయు ఋణపడియున్నాము. అయినను, రాగిరేకునకు తెలియని సంగతి పెత్రుచ్చి కాగితమునకు తెలిసియుండెను.

ఇక మన ప్రాంతమునకు దగ్గఱిది. 1499లో ప్రతాపరుద్ర గజపతి పూరీ జగన్నాథదేవాలయమున వేయించిన శాసనము, సేవాసమయమున గీతగోవిందము తప్ప వేఱు పాట పాడరాదని, వేఱు పాట నేర్వరాదని ఆజ్ఞాపించుచున్నది. ఆ శాసనములో నాట్యగత్తెల జట్లు కొన్ని పేర్కొనబడినవి. వానిలో ‘తెలంగి సంప్రదాయ’ మొకటి. పెత్రుచ్చి అచ్చులు పోయుటకు రెండేండ్ల ముందు తెలుగు స్త్రీలు పూరీ గుడిలో జయదేవుని పాట పాడి యాడుచుండిరన్నమాట. ఒడియా నేలపై తెలుగువారి పాటకు ఇంతకంటె గొప్ప సాక్ష్యము వెదకనక్కఱలేదు. వారు ఏమి పాడిరో తెలియును. ఎట్లు పాడిరో తెలియదు. వారి పేర్లును తెలియవు. జర్మనీలో 12వ శతాబ్దిలో మఠాధికారిణిగా నుండిన హిల్డెగార్డ్ పాటలు డెబ్బదికి పైగా వరుసలతోకూడ నేటికిని నిలిచియున్నవి. ఆమె జీవించియుండగనే వాని వ్రాతప్రతులు తయారగుటయే దానికి కారణము. తెలంగి జట్టువారికి అట్టి వ్రాయసగాడు దొరకలేదు.

గీతగోవిందములోని ఇరువదినాలుగు గీతములకును రాగతాళముల పేర్లున్నవి. మాళవ, గుర్జరి, వసంత, రామక్రియ, దేశాఖ్య, కర్ణాట అని. ఆ పేర్లనే పట్టుకొని ఒడిస్సీ గాయకుడొక వరుసను, మన భజనగోష్ఠివారు మఱియొక వరుసను పాడుచున్నారు. రెంటిలో ఏది జయదేవునిదని బరంపురమున జరుగుచుండు వాదము నిష్ప్రయోజనము. రాగము పేరు నిలిచినను రాగమే కాలక్రమమున మాఱిపోవునని సంగీతశాస్త్రములను వరుసగ చదివినవారికి తెలియును. 17వ శతాబ్దిలో పర్లాకిమిడి గజపతి నారాయణదేవుని పేర వెలసిన సంగీతనారాయణము, ఆయన గురువైన పురుషోత్తమ మిశ్రుని చేతిపనియని చెప్పబడునది, గీతమును, వాద్యమును, నాట్యమును మూడు ప్రకరణములలో వివరించి, నాల్గవ ప్రకరణమున ప్రబంధముల కుదాహరణములిచ్చినది. మన జిల్లా మట్టిలో పుట్టిన ఇట్టి శాస్త్రగ్రంథముండగా మన పిల్లలు దాని పేరైన వినకుండుట విచారకరము. తరువాతి కాలమున ఆఠగడ కవిసూర్య బలదేవరథుడు (1789–1845) కిశోరచంద్రానన చంపువును రచించెను. కకారము మొదలు క్షకారము వఱకు ఒక్కొక్క యక్షరమునకొక పాట. రాగతాళములు పేర్కొని, వరుసను శిష్యుల నోటికే విడిచెను. ఆ శిష్యపరంపర తెగనన్నాళ్ళు పాట యుండును.

శాస్త్రములో మాత్రము రెండు ఖండముల వారును ఒకే పనిని ఒకే కాలమున చేయుచుండిరి. 1547లో గ్లారియానుస్ యను స్విస్ పండితుడు, పూర్వమునుండి వచ్చుచున్న ఎనిమిది స్వరమేళములు చాలవని, పండ్రెండనవలెనని గ్రంథము వ్రాసెను. మూడేండ్లకు, 1550లో, విజయనగరమున అళియ రామరాజు ప్రేరణమున రామామాత్యుడు స్వరమేళకళానిధిని వ్రాసి రాగములను ఇరువది మేళములక్రింద చేర్చెను. ఇరువురును పాత శాస్త్రమునకు, తమ చెవిని పడుచున్న పాటకు పొత్తు కుదురక కలము పట్టినవారే. రామామాత్యుడు వీణ మెట్లను నిలుకడగా నాటు విధానమును వివరింపగా, 1581లో ఫ్లారెన్సులో వించెంజో గలిలేయి లూట్ అను తంత్రీవాద్యపు మెట్ల దూరములను లెక్కించెను. ఇతడు ఖగోళశాస్త్రజ్ఞుడైన గలిలేయో తండ్రి. 17వ శతాబ్దిలో తంజావూరున వేంకటమఖి డెబ్బదిరెండు మేళములను లెక్కగట్టి, తన నాట వాడుకలో నున్నవి పందొమ్మిదే యని తానే చెప్పెను. లెక్క ముందు నడచి, పాట వెనుక వచ్చుట మన చరిత్రలో నిదియొక్కటే కావచ్చును.

‘ఐరోపా సంగీతము నానాటికి పెరిగినది’ అనువారికి 1600 నాటి కథ ప్రతికూలముగ నున్నది. 16వ శతాబ్దిలో బహుకంఠగానము శిఖరము నెక్కెను. ఇంగ్లండులో తామస్ తాలిస్ నలువది కంఠములకు ఒక గానము కూర్చెను. రోములో పాలెస్త్రీనా మార్చెల్లూస్ పోపు పేర కూర్చిన ఆరాధనగానమును విని, బహుకంఠగానమును నిషేధింప దలచిన ధర్మసభవారు మనసు మార్చుకొనిరని ఒక కథ. మన గాయకులు దీపము వెలిగించిన కథలవలెనే అదియు తరువాతివారి కల్పన. కాని, మాటలు వినబడవలెనని ట్రెంటు ధర్మసభవారు 1562లో చర్చించుట నిజము. ఆ గానములో మాట స్పష్టముగ వినబడుటయు నిజము. ఇంతలో ఫ్లారెన్సులో గలిలేయి మొదలగు పండితులు, నలుగురు నాలుగు మాటలు ఒకేసారి పాడినచో శోకమెక్కడ, శృంగారమెక్కడ, భావమునకు ఒక్క కంఠమే తగునని వాదించిరి. 1600లో పేరి, 1607లో మొంతెవెర్ది కూర్చిన సంగీతనాటకములలో ఒక్క పాత్ర, ఒక్క కంఠము, క్రింద తోడు వాద్యము. ఏడు వందల యేండ్లు కంఠములను పెంచుకొని పోయిన వారు మాట కొఱకు మరల ఒక్క కంఠమును పిలిచిరి. ఆ శతాబ్దిలోనే మన క్షేత్రయ్య, ఒక్క నాయిక నోట ఒక్క పదమును పెట్టి, ఆ పదములో నామె హృదయమంతయు పలికించెను. మొంతెవెర్ది మన దేశమునకు వచ్చియుండినచో క్షేత్రయ్య దగ్గఱ కూర్చుండెడివాడని మా యూహ. బహుకంఠ సంఘగానము ఐరోపాలో ఆగిపోలేదు. కాని, దానిని ఎక్కిన మెట్టుగాను, ఏకకంఠమును దిగిన మెట్టుగాను లెక్కించుట వారి చరిత్రకే సరిపడదు.

ఈ రెండు సంప్రదాయములు మన గంజాములోనే ఎదురుపడిన ఘట్టమొకటి కలదు. 1524లో మార్టిన్ లూథర్ అనుచరులు జనులు వాడుకభాషలో పాడదగిన పాటలను అచ్చువేసిరి. లోకమెఱిగిన వరుసలను ఆరాధనకు తెచ్చుట వారికి దోషముగ తోపలేదు. 1601లో హాస్లర్ కూర్చిన ఒక ప్రేమగీతపు వరుస పిమ్మట క్రీస్తు శ్రమలను గూర్చిన కీర్తనకు వరుసయైనది. ఆ నాలుగు కంఠముల కీర్తనలు మిషనరీలతో మన తీరమునకు వచ్చినవి. పర్లాకిమిడి ప్రాంతమున వంగ కుటుంబములో జన్మించి తెలుగు కవియైన పురుషోత్తమ చౌదరి (1803–1890) ఆ వరుసలను అనువదించి ఊరకుండలేదు. క్రైస్తవ విషయమును తీసికొని మన రాగములలో, మన తాళములలో, పల్లవి చరణములతో కీర్తనలు కట్టెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున నేటికిని పాట నెత్తిన రాగతాళముల పేర్లు కనబడును. మతము నెట్లు గ్రహించినను, ఒక్క సంగీత విమర్శకుని దృష్టితో చూచినచో ఆయన చేసినది లూథర్ చేసిన పనియే. ఐరోపా పాటను తెచ్చినవారు ఐరోపావారి పద్ధతిని ఎఱుగకుండుటయు, మన కవి దానిని ఎఱిగినట్లు ప్రవర్తించుటయు చిత్రమే. ఈ తెలుగు కవిని మన సాహిత్యసభలలో తలచుకొనువారు తక్కువ. గంజాము తెలుగువారు చెప్పుకొనదగినవారి పట్టికలో ఆయనకు చోటుండవలెను.

మఱియొక కానుకయు ఆ యుగమునుండియే మనకు వచ్చినది. 16వ శతాబ్ది మధ్యమున ఇటలీలోని క్రెమోనాలో ఆంద్రేయా అమాతి చేతిలో రూపు దిద్దుకొన్న వయొలిన్, 1800 ప్రాంతమున బాలుస్వామి దీక్షితులవారి మూలమున కర్ణాటక సంగీతమున ప్రవేశించెను. దానికి మెట్లు లేవు. ఐరోపావారు తమ సంగీతమునకై నిర్మించిన వాద్యములలో మన గమకమునకు అడ్డు రానివానిలో అది యొకటి. నిలువబడి పట్టుకొను వాద్యమును కూర్చుండి, తలను పాదముపై ఆనించి, చేయి తీగపై జాఱుటకు అనువుచేసికొన్నాము. విజయనగర సంగీతకళాశాలలో ద్వారం వేంకటస్వామినాయుడుగారి (1893–1964) వాద్యము వినిన పాతతరమువారు, ఆ కమానులోని నిండుదనము పాశ్చాత్యవాదనమును శ్రద్ధగా వినుటవలన వచ్చినదని చెప్పుకొనుచుండిరి. నేర్వదగినది నేర్చి, విడువదగినది విడుచుటకు ఆయనకంటె మంచి నిదర్శనము మాకు కనబడదు.

ఇపుడు అసలు విషయము. మన పాట నోటిమీదనే నిలిచినది గనుక, గురువున్నచోటనే నిలిచినది. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్ర మేర్పడిన నాటినుండి మన యిండ్లలో నాలుగు తరములు గడచినవి. వీథికొక పాటల పంతులు లేడు. పిల్లల చదువు ఒడియాలో, ఆంగ్లములో. వ్రాతలేని విద్య ఇట్టి చోట మొదట చెడును. ఐరోపావారి పోలికవలన మనము నేర్వవలసినది బహుకంఠగానము కాదు, ఈ యొక్క స్వరలిపియే. అది మన భాషలో లేకపోలేదు. 1904లో ఎట్టయాపురమున సుబ్బరామ దీక్షితులవారు సంగీతసంప్రదాయప్రదర్శినిని ప్రకటించిరి. వేంకటమఖి గీతములును, ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలును గమకచిహ్నములతో సహా వ్రాసిన మహాగ్రంథము. సోమనాథుడు తలపెట్టినది మూడువందల యేండ్లకు నెఱవేఱినది. అఱవదేశమున అచ్చయిన ఆ గ్రంథము తెలుగు భాషలో, తెలుగు లిపిలో నున్నది. మదరాసు సంగీత విద్వత్సభవారు దానిని 1961 నుండి తమిళమున వెలువరించుకొనిరి. మన గంజాములో తెలుగు మాటలాడు పిల్లలు అనేకులు ఆ లిపిని చదువలేరు. దాక్షిణాత్య సంగీతమంతటికి మూలాధారమైన పుస్తకము తమ భాషలోనేయుండి తమకు చదువరానిదగుట ఏ జాతికైన వింత యవస్థ. సంగీతము నేర్పునపుడే స రి గ మ లతోపాటు తెలుగక్షరములు నేర్పినచో రెండును ఒక్క గంటలో సాగును. ఐరోపా మఠములలో పిల్లలకు చదువును పాటయు నొకచోటనే నేర్పుచుండిరి.

శాస్త్రీయ సంగీతమునకు ప్రదర్శిని యున్నది. మన యిండ్లలోని పాటలకు ఏదియు లేదు. తలంబ్రాల పాట, మంగళహారతి, లాలిపాట, అప్పగింతల పాట, వీనిని వృద్ధస్త్రీలు పాడుచున్నారు. వానిలో కొన్నింట ఒడియా పాటల మలుపులు కలసి, గోదావరి జిల్లాలలో వినబడని వరుసలు ఏర్పడినవి. అది కలుషమని కొందఱు పండితులు ముఖము చిట్లింతురు. వారితో మేము ఏకీభవింపము. ఆ మలుపులలోనే మన చరిత్ర యున్నది. యంత్రములో పదిలపఱచుట సులభము, అదియు చేయవలెను. కాని పదిలపఱచిన పాటను వినినవాడు అనుకరించును. వ్రాసిన పాటను చూచినవాడు దాని కట్టడమును తెలిసికొనును. రెండును కావలెను.

వ్రాయుట యేమంత సులభము కాదు. తలంబ్రాల పాటకు తాళమున్నది, వ్రాయవచ్చును. అప్పగింతల పాటకు తాళము లేదు. పాడునామె దుఃఖమునుబట్టి అక్షరము సాగును, ఆగును. ఐరోపావారికి నిదే చిక్కు వచ్చినది. ఫ్రాన్సులోని సొలెమ్ మఠపు సన్న్యాసులు 19వ శతాబ్దిలో గ్రెగోరియన్ గానమును ఉద్ధరింపబూని, ప్రాచీన ప్రతులను సేకరించి, 1889 మొదలు వాని ఛాయాచిత్రములను ప్రకటించుచు వచ్చిరి. స్వరములు తేలినవి. ఏ స్వరమును ఎంతసేపు పట్టవలెనో మాత్రము తేలలేదు. పండితులు నేటికిని ఆ విషయమున ఏకాభిప్రాయమునకు రాలేదు. వారికి వినుటకు వెయ్యేండ్లనాటి కంఠము లేదు. మన అప్పగింతల పాటను పాడువారు బరంపురమున, ఛత్రపురమున, ఖల్లికోటలో ఇంకను ఉన్నారు. స్వరజ్ఞానము కలవారొకరు, ఆ పాట యెఱిగినవారొకరు ఎదురెదురుగ కూర్చుండి, మొదట ఆ యొక్క పాటను వ్రాయుటకు ఆరంభించుట మేలు. తాళము లేనిచోట తాళము బిగింపక, సాగినచోట సాగుగీత గీచి, ఆగినచోట వదలివేయుడు.